ఫొటో ఇచ్చి తెలుగు రాయించడం: మండీ పట్టీకి ఒక దారి, ఆకు మచ్చకు ఇంకో దారి

అనంతపురంలో ఫైనలియర్ ప్రాజెక్టు చేసే పిల్లలు గానీ, మండీకో ఎరువుల అంగడికో చిన్న యాప్ రాసిపెట్టే కుర్రాళ్లు గానీ ముందుగా అడిగే మాట ఒకటే: "అన్నా, ఫొటో ఇస్తే తెలుగులో రాసే మోడల్స్‌లో ఏది బెస్ట్?" ఒక పేరు చెప్పి పంపించడం తేలికే. కానీ ఆ పేరుతో పని పూర్తి కాదు. చీనీ (బత్తాయి) మండీలో చేతిరాత పట్టీ, అంటే అమ్మకపు లెక్క చీటీ, చదివించడం ఒక పని. వేరుశనగ ఆకు మీద మచ్చలు చూసి రైతుకు నాలుగు మాటలు రాయించడం ఇంకో పని. లేపాక్షి బసవన్న ఫొటోకి, చూపు లేనివాళ్లు విని తెలుసుకునేలా వివరణ రాయించడం మరో పని. మూడింటికీ కోడ్ దాదాపు ఒకటే. ఒక ఫొటో, ఒక ప్రాంప్ట్ (ఏం చేయాలో చెప్పే మాట) పంపుతాం, కొంత రాత వెనక్కి వస్తుంది. అయినా మూడింటికీ నేను వేర్వేరు దారులు చెప్తాను.

ఎంపికలో నేను మొదట చూసేది మోడల్ ఎన్నిసార్లు ఒప్పు రాస్తుందని కాదు. తప్పు రాసినప్పుడు ఆ తప్పు ఎవరి కంటికైనా పడుతుందా, పడకపోతే ఎవరి జేబుకు చిల్లు పడుతుంది అని చూస్తాను.

ఈ మోడల్స్ పని చేసే తీరు తెలిస్తే నా పట్టుదల అర్థమవుతుంది. ఫొటోను చిన్న చిన్న చదరాలుగా కోసి, ఒక్కో చదరాన్ని అంకెల వరుసగా మార్చి, వాటిని మీ ప్రాంప్ట్ పదాలతో కలిపి భాషా మోడల్‌కు అందిస్తారు. అది తర్వాత ఏ పదం రావచ్చో అంచనా వేస్తూ ఒక్కొక్కటే రాసుకుంటూ పోతుంది. ఫొటోలో ఒక చోట మసక ఉంటే మోడల్ ఆగదు. ఆ మసకను తనకు అలవాటైన భాషతో నింపేస్తుంది. పాత పద్ధతి ఓసీఆర్ (ఫొటోలోని అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్) తప్పు చదివితే పిచ్చి అక్షరాలు వస్తాయి, చూడగానే తెలిసిపోతుంది. కొత్త మోడల్ తప్పు చదివితే చక్కటి అంకె, చక్కటి పేరు వస్తాయి. అందుకే దాని తప్పును పట్టుకోవడం కష్టం.

ఉన్న దారులు

మొదటిది ఓసీఆర్, అందులో టెసరాక్ట్. హెచ్‌పీలో 1980లలో పుట్టి, 2005లో ఓపెన్ సోర్స్ అయి, 2018లో వచ్చిన నాలుగో వెర్షన్‌తో న్యూరల్ నెట్‌వర్క్ మీదికి మారింది. తెలుగు డేటా ఉంది, ఉచితం, మామూలు ల్యాప్‌టాప్ మీద, నెట్ లేకున్నా నడుస్తుంది. అచ్చు వేసిన తెలుగుకు పనికొస్తుంది. చేతిరాతకు దీన్ని నమ్ముకోవద్దు. ఇంకో మాట, ఇది ప్రాంప్ట్ తీసుకోదు. ఉన్న అక్షరాలు ఇస్తుందంతే, అందులో మొత్తం ఏదో తరుగు ఏదో మీ కోడే తేల్చుకోవాలి.

రెండోది చిన్న క్యాప్షన్ మోడల్స్. సేల్స్‌ఫోర్స్ వాళ్ల బ్లిప్ 2022లో వచ్చింది, మైక్రోసాఫ్ట్ వాళ్ల ఫ్లోరెన్స్-2 2024లో వచ్చింది. ఫ్లోరెన్స్-2 చిన్న వెర్షన్‌లో పారామీటర్లు (మోడల్ నేర్చుకున్న అంకెలు) 23 కోట్లే, ఎంఐటీ లైసెన్స్, అంటే వ్యాపారానికీ వాడుకోవచ్చు. ఫొటోకి ఇంగ్లిష్‌లో ఒకటి రెండు లైన్లు రాయడం వీటి పని. ట్రాన్స్‌ఫార్మర్స్ లైబ్రరీతో కొద్దిపాటి పైథాన్ రాస్తే నడుస్తాయి కాబట్టి నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. తెలుగు మాత్రం ఆశించకండి.

మూడోది కంపెనీల ఏపీఐలు, అంటే మన కోడ్ నెట్ ద్వారా వాళ్ల సర్వర్‌లోని మోడల్‌ను అడిగే దారి: జెమినై, జీపీటీ, క్లాడ్. తెలుగు చదవడంలో, రాయడంలో ఈ రోజుకు ఇవే ముందున్నాయి. ఫొటో మాత్రం మీ మెషిన్ దాటి బయటికి పోతుంది.

నాలుగోది, వెయిట్స్ (ఆ పారామీటర్ల ఫైళ్లు) డౌన్‌లోడ్ చేసుకుని సొంత మెషిన్ మీద నడుపుకునేవి. అలీబాబా వాళ్ల క్వెన్ 2.5 వీఎల్, గూగుల్ వాళ్ల జెమ్మా 3, మెటా వాళ్ల లామా 3.2 విజన్ ఈ రకమే. ఒల్లామా లాంటి సాఫ్ట్‌వేర్ వేసుకుంటే ఒక్క కమాండుతో దిగుతాయి. వీటిలో ఏది తీసుకోవాలన్నది కిందికొచ్చి చెప్తాను, ఎందుకంటే లైసెన్స్ చూడకుండా తీసుకుని తర్వాత టెన్షన్ పడేవాళ్లు ఎక్కువ.

చీనీ పట్టీ: ఇక్కడ చెక్ చేసే కోడే ముఖ్యం

అనంతపురం మార్కెట్ యార్డులో చీనీ కాయలు టన్ను లెక్కన అమ్ముతారు. పట్టీ మీద రైతు పేరు, బరువు, టన్ను ధర, తరుగు, హమాలీ, కమీషన్, చివరికి చేతికొచ్చే మొత్తం ఉంటాయి. కొంత అచ్చు, మిగతాది బాల్‌పెన్ రాత. అది కార్బన్ కాపీ అయితే అక్షరాలు ఇంకా పలచగా ఉంటాయి. దీన్ని ఫొటో తీసి పట్టికలోకి ఎక్కించాలంటే చేతిరాత చదవగలిగిన పెద్ద ఏపీఐ మోడలే సరైన ఎంపిక. టెసరాక్ట్ ఇక్కడ చేతులెత్తేస్తుంది. చిన్న లోకల్ మోడల్స్ అంకెల వరకు ఫర్వాలేదనిపించినా, తెలుగు పేర్ల దగ్గర తడబడతాయి.

మోడల్ ఎంపిక ఇక్కడ సగం పనే. 18 అని రాసి ఉన్నది 13 అని వస్తే, రైతు లెక్కలో వేల రూపాయలు తేడా వస్తాయి. ఆ 13ని చూసి ఎవరికీ అనుమానం రాదు. కాబట్టి మోడల్‌ను మొత్తం లెక్కగట్టమని అడగకండి. ఒక్కో గడిలో ఏముందో అది మాత్రమే, జేసన్ రూపంలో (కోడ్ తేలిగ్గా చదివే రాత), ముందే ఇచ్చిన స్కీమా (ఏ గడులు ఉండాలో చెప్పే నమూనా) ప్రకారం ఇవ్వమనండి. బరువును ధరతో గుణించి, కోతలు తీసేసి, చివరి మొత్తంతో సరిపోయిందా అని చూసే పని మీ కోడ్ చేయాలి. సరిపోతే ముందుకు పంపండి, సరిపోకపోతే మనిషికి చూపించండి. పట్టీలో లెక్క ఉండటం మన అదృష్టం. తప్పును పట్టే సాధనం ఆ కాగితం మీదే ఉంది. ఒక్కోసారి మోడల్ సరిగ్గా చదివినా లెక్క కుదరదు, అప్పుడు తేడా పట్టీ రాసిన చోటే ఉందన్నమాట. ఆ సంగతి కూడా రైతుకు తెలియాల్సిందే.

లెక్కతో చెక్ చేయలేని గడులు రెండున్నాయి: పేరు, తేదీ. వీటికి నేను రెండు వేర్వేరు కంపెనీల మోడల్స్‌తో చదివించి, రెండూ ఒకటే చెప్తేనే తీసుకోమంటాను. ఒకే మోడల్‌ను రెండుసార్లు అడిగితే లాభం తక్కువ. అది చేసిన తప్పే మళ్లీ చేయవచ్చు.

ప్రాంప్ట్‌లో తప్పనిసరిగా ఉండాల్సిన వాక్యం ఒకటుంది: "కనిపించని గడిని ఖాళీగా వదిలెయ్, ఊహించి నింపొద్దు." స్కీమాలో కూడా ఖాళీకి చోటివ్వాలి. ప్రతి గడీ నింపాల్సిందే అని స్కీమాలో రాసి, ఊహించొద్దని ప్రాంప్ట్‌లో చెప్తే మోడల్ స్కీమా మాటే వింటుంది.

ఫొటో సైజు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మోడల్ మార్చినా బాగుపడని తప్పులు చాలావరకు ఇక్కడే పుడతాయి. ప్రతి మోడల్ మీ ఫొటోను తనకు కావాల్సిన సైజుకు మార్చుకుంటుంది. జెమ్మా 3 మామూలుగా 896 x 896 పిక్సెళ్ల చదరంలోకి కుదించి, మొత్తం ఫొటోను 256 టోకెన్లుగా (మోడల్ చూసే ముక్కలు, ఏపీఐల బిల్లు కూడా వీటి లెక్కనే) చేస్తుంది. పొడుగ్గా, సన్నగా ఉండే పట్టీని చదరంలోకి నొక్కితే అక్షరాల ఆకారమే మారిపోతుంది. పొడుగు ఫొటోలను ముక్కలుగా చూసే సదుపాయం దానికి ఉంది గానీ, దాన్ని మీరు ఆన్ చేసుకోవాలి. జెమినై 2.0, 2.5 వెర్షన్లు పెద్ద ఫొటోలను 768 పిక్సెళ్ల పలకలుగా కోసి, పలకకు 258 టోకెన్ల చొప్పున లెక్కిస్తాయి. జీపీటీ-4ఓలో తక్కువ డీటెయిల్ అనే సెట్టింగు పెడితే ఫొటో అంతా 85 టోకెన్లతో సరిపెడుతుంది. ఖర్చు తగ్గుతుందని ఆ సెట్టింగుతో పట్టీలు చదివించడం డబ్బు ఆదా కాదు, అంకెలు పోగొట్టుకోవడం. ముందు పట్టీ అంచుల వరకు కోసి, నిటారుగా తిప్పి, ఆ తర్వాతే పంపండి. ఓపెన్‌సీవీ అనే ఫొటో లైబ్రరీతో ఈ పని కొన్ని లైన్లలో అయిపోతుంది. మోడల్ మార్చడం కన్నా దీనితోనే ఫలితం బాగా మెరుగవుతుంది.

వేరుశనగ ఆకు: మోడల్‌తో తెగులు పేరు చెప్పించకండి

ఈ పని గురించి గట్టిగా చెప్తున్నాను. ఆకు ఫొటో పంపి "ఇది ఏ తెగులు, ఏ మందు కొట్టాలి?" అని ప్రాంప్ట్ రాసే యాప్ చేయకండి. ఏ మోడల్ తీసుకున్నా సరే.

2000వ సంవత్సరంలో అనంతపురం జిల్లాలో కాండం కుళ్లు వైరస్ తెగులు వచ్చి లక్షల ఎకరాల వేరుశనగ దెబ్బతింది. 300 కోట్ల రూపాయలకు పైగా నష్టమని అంచనా వేశారు. చూపుకు ఆ తెగులు మొవ్వు కుళ్లు వైరస్ తెగులుకు చాలా దగ్గరగా ఉంటుంది. రెండింటి వైరస్‌లు వేరు. రెండూ తామర పురుగుల ద్వారానే పాకినా, పాకే తీరు వేరు. కాండం కుళ్లు వయ్యారిభామ లాంటి కలుపు మొక్కల పుప్పొడితో వస్తుంది. ఏదో ఖాయం చేయాలంటే ఎలైజా లాంటి ల్యాబ్ పరీక్ష కావాలి. అంటే ఫొటోలో ఆ సమాచారమే లేదు. లేని సమాచారాన్ని ఎంత పెద్ద మోడలైనా చదవలేదు, ఊహించి ఒక పేరు మాత్రం రాస్తుంది.

తిక్కా ఆకుమచ్చలోనూ ఇలాంటిదే ఉంది. ముందుగా వచ్చే మచ్చ గోధుమ రంగులో, చుట్టూ పసుపు వలయంతో ఉంటుంది. ఆలస్యంగా వచ్చే మచ్చ నల్లగా, ఆకు అడుగున గరుకుగా కనిపిస్తుంది. రైతు ఫొటో తీసేది ఆకు పైభాగమే. అడుగు భాగం చూపించమని యాప్ అడగకపోతే, మోడల్‌కు తేడా పట్టే అవకాశం సగం పోయినట్టే. ఏపీఐ మోడల్స్ ఒకే ప్రశ్నలో రెండు మూడు ఫొటోలు తీసుకుంటాయి కాబట్టి పైభాగం, అడుగు భాగం, మొక్క మొత్తం అని మూడు ఫొటోలు అడగండి.

ప్రాజెక్టుల్లో చాలామంది ప్లాంట్‌విలేజ్ డేటాసెట్ తీసుకుని "మా ఆక్యురసీ ఇంత" అని చూపిస్తారు. అందులో 54 వేలకు పైగా ఆకు ఫొటోలు, 14 పంటలు ఉన్నాయి. వేరుశనగ లేదు. పైగా ఆ ఫొటోలు కోసిన ఆకును సాదా నేపథ్యం మీద పెట్టి తీసినవి. ధర్మవరం దారిలో ఎర్రమట్టి చేనులో, ఎండలో, చేయి నీడ పడుతూ తీసిన ఫొటోకి వాటితో పోలిక లేదు. టమాటా ఆకుల మీద వచ్చిన ఆక్యురసీని మన చేలకు వర్తింపజేసి రైతుకు మందు చెప్పడం అన్యాయం.

మరి ఏం చేయొచ్చు? రాత పనిని రెండుగా విడగొట్టండి. మొదటి సగంలో మోడల్ లక్షణాలను మాత్రమే వర్ణించాలి: మచ్చ రంగు, వలయం ఉందా లేదా, మచ్చలు ఆకు అంచునా మధ్యలోనా, మొవ్వు ఎండిందా, లేత ఆకులు తెల్లబారాయా. ఇవన్నీ ముందే ఇచ్చిన జాబితా నుంచి ఎంచుకునేలా స్కీమా రాయండి, 'తెలియడం లేదు' అన్నది కూడా ఆ జాబితాలో ఉండాలి. రెండో సగంలో ఆ లక్షణాలు రైతు సేవా కేంద్రంలోని అధికారికో, రేకులకుంట, కదిరి పరిశోధన కేంద్రాల శాస్త్రవేత్తలకో చేరాలి. పేరు పెట్టేది వాళ్లు. రైతుకు వెళ్లే సలహా వాళ్లు ముందే రాసి ఒప్పుకున్న వాక్యాల్లోంచి రావాలి, అందులో మందు మోతాదును మోడల్ ముట్టుకోకూడదు. ఇలా పని పంచితే ఏపీఐ కూడా అక్కర్లేదు, లక్షణాలు వర్ణించే పనిని ఒక మధ్యరకం ఓపెన్ మోడల్ చేయగలదు.

లేపాక్షి ఫొటో: ఇక్కడ స్వేచ్ఛ ఎక్కువ

గుడి ఫొటోకి వివరణ రాయించడం వీటన్నిటిలో తేలిక. రాసినదాన్ని పెట్టేముందు మీరు చదువుతారు, తప్పుంటే దిద్దుతారు. కాబట్టి ఏ మంచి ఏపీఐ అయినా చాలు. ఒక్క జాగ్రత్త: చరిత్ర మోడల్‌తో రాయించకండి, మీరే ప్రాంప్ట్‌లో ఇవ్వండి. లేపాక్షి 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. అంతకుముందు రాసిన పేజీలన్నీ అనంతపురం జిల్లా అంటాయి. వాటిని చదివి నేర్చుకున్న మోడల్ పాత జిల్లానే రాయవచ్చు. "ఇది లేపాక్షి ఏకశిలా నంది, శ్రీ సత్యసాయి జిల్లా. ఫొటోలో కనిపించేది మాత్రమే వర్ణించు: మెడలోని గంటలు, హారాలు, వెనుక ఏముంది, ఎవరైనా నిలబడ్డారా. చూపు లేనివాళ్లకు చదివి వినిపించేలా నాలుగు వాక్యాలు" అని రాస్తే వచ్చే ఫలితం, "ఈ ఫొటో గురించి తెలుగులో రాయి" అంటే వచ్చేదానికన్నా ఎంతో మేలు.

వీరభద్రస్వామి గుడి పైకప్పు మీది బొమ్మల విషయంలో మాత్రం ఏ మోడల్‌నూ గుడ్డిగా నమ్మకండి. ఆ చిత్రాల్లో ఎవరు ఎవరో చెప్పమంటే మోడల్స్ ధైర్యంగా పేర్లు పెట్టేస్తాయి. వేషం, రంగు, నిలబడిన తీరు వర్ణించమనండి, పేర్లు ఆ గుడి తెలిసినవాళ్ల దగ్గర తీసుకోండి.

తెలుగు బాగుండాలంటే

జీపీటీ-4ఓ విడుదల చేసినప్పుడు ఓపెన్‌ఏఐ ఒక నమూనా చూపించింది. పాత టోకెనైజర్‌లో (రాతను టోకెన్లుగా కోసే భాగం) 159 టోకెన్లు పట్టిన తెలుగు వాక్యాలు కొత్తదాంట్లో 45కు తగ్గాయి. టోకెన్లు తగ్గితే ఖర్చు తగ్గుతుంది, వేగం పెరుగుతుంది. అందుకని మోడల్‌ను పోల్చేటప్పుడు టోకెన్ ధర ఒక్కటే చూడకండి, అదే తెలుగు పేరాకి ఏ మోడల్ ఎన్ని టోకెన్లు తీసుకుంటుందో చూడండి. ధర తక్కువని తీసుకున్న మోడల్ తెలుగుకు వచ్చేసరికి ఎక్కువ బిల్లు వేయవచ్చు.

లోకల్ మోడల్ రాసే తెలుగు మీకు నచ్చకపోతే ఇంకో మార్గముంది. దానితో ఇంగ్లిష్‌లో రాయించి, ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ 2023లో ఇచ్చిన ఇండిక్‌ట్రాన్స్2తో తెలుగు చేయించడం. చిన్న చిన్న వాక్యాలకు ఇది బాగానే ఉంటుంది. పేరాలు పేరాలు అయితే అనువాదం వాసన కొడుతుంది, అప్పుడు ఏపీఐతో నేరుగా తెలుగులో రాయించడమే మేలు. ఏ దారైనా మండీలో, చేనులో వాడే మాటల జాబితాను ప్రాంప్ట్‌లోనో, తర్వాత సరిచేసే కోడ్‌లోనో పెట్టుకోండి.

సొంత మెషినా, ఏపీఐనా

పట్టీ మీద రైతు పేరు, ఫోన్ నంబరు, ఒక్కోసారి బ్యాంకు ఖాతా కూడా ఉంటాయి. ఏపీఐల ఉచిత వాడకం చూసి మురిసిపోయేముందు షరతులు చదవండి. జెమినై ఏపీఐ ఉచిత శ్రేణిలో మీరు పంపినదాన్ని తమ ఉత్పత్తులను మెరుగుపరచడానికి వాడుకోవచ్చని గూగులే రాసింది, డబ్బు కట్టే శ్రేణికి ఆ షరతు లేదు. వ్యక్తిగత డేటా రక్షణకు దేశంలో 2023లో చట్టం కూడా వచ్చింది. కాబట్టి రైతుల పట్టీలను ఉచిత శ్రేణికి పంపొద్దు. డబ్బు కట్టే శ్రేణికి పంపినా ఫోన్ నంబరు, ఖాతా నంబరు ఉన్న భాగాన్ని ముందే కోసేయండి. గుడి ఫొటోలకు ఉచిత శ్రేణి వాడుకోవడంలో ఇబ్బందేమీ లేదు.

సొంత మెషిన్ మీద నడపాలంటే లెక్క ఇలా వేసుకోండి. 16 బిట్లలో ఒక్కో పారామీటర్‌కు రెండు బైట్లు పడతాయి. 700 కోట్ల పారామీటర్ల మోడల్‌కు వెయిట్సే 14 జీబీ, ఫొటో చూసే భాగం, నడిచేటప్పుడు కావాల్సిన జాగా అదనం. గూగుల్ కోలాబ్ ఉచితంగా ఇచ్చే టీ4 జీపీయూ కార్డులో 16 జీబీ మెమరీయే ఉంటుంది కాబట్టి అక్కడ ఇరుకవుతుంది. నాలుగు బిట్లకు కుదిస్తే 8 జీబీ కార్డులో కూడా పట్టేస్తుంది. కుదించినప్పుడు తెలుగు కొంత దెబ్బతినవచ్చు, కుదించిన మోడల్‌నే పరీక్షించి నిర్ణయించుకోండి. జీపీయూ లేని కాలేజీ ల్యాప్‌టాప్ మీద నడుస్తుంది గానీ, ఒక్కో ఫొటోకి చాలాసేపు ఎదురుచూడాలి. రాత్రంతా నడిపే పనికి సరే, కౌంటర్ దగ్గర రైతు నిలబడి ఉన్నప్పుడు కాదు.

లైసెన్స్ సంగతి. క్వెన్ 2.5 వీఎల్‌లో 7బీ (బీ అంటే వంద కోట్ల పారామీటర్లు) అపాచీ 2.0 కింద ఉంది, వ్యాపారానికి వాడుకోవచ్చు. అదే కుటుంబంలోని 3బీకి పరిశోధన లైసెన్స్ మాత్రమే, మండీ వాళ్ల దగ్గర డబ్బు తీసుకునే యాప్‌లో పెట్టకూడదు. లామా 3.2 విజన్‌కు ఫొటోతో వాడేటప్పుడు అధికారికంగా మద్దతున్న భాష ఇంగ్లిష్ ఒక్కటే, తెలుగు పనికి దాన్ని జాబితాలోంచి తీసేయవచ్చు. జెమ్మా 3లో 1బీ ఫొటోలు చూడలేదు, 4బీ నుంచే చూస్తుంది. తెలుగు విషయంలో నేను లోకల్ వాటిలో ముందు జెమ్మా 3 12బీని చూడమంటాను, అంకెలు, పట్టికలు ఎక్కువుంటే క్వెన్ 7బీని.

ఎవరి పోలికనూ, నాదాన్ని కూడా, మీ ఫొటోల మీద పరీక్షించకుండా ఒప్పుకోకండి. పరీక్షకు శుభ్రమైన ఫొటోలు కాకుండా మడతలు పడ్డవి, బల్బు వెలుగులో తీసినవి, చెమటకు సిరా అలుక్కుపోయినవి ఎంచుకోండి. ఒక్కోదానికి సరైన జవాబు చేత్తో రాసి పెట్టుకుని, గడి వారీగా పోల్చండి. మొత్తం మీద ఎంత శాతం ఒప్పు అన్నదానికన్నా, తప్పుల్లో ఎన్నింటిని మీ చెకింగ్ కోడ్ పట్టుకుంది, ఎన్ని జారిపోయాయి అన్న లెక్క రాసుకోండి. రెండు మోడల్స్‌లో జారిపోయిన తప్పులు తక్కువున్నదే నా దృష్టిలో మంచిది, రెండోది మొత్తం శాతంలో ముందున్నా సరే.

ఏపీఐ ఎంచుకుంటే మోడల్ పేరును వెర్షన్‌తో సహా కోడ్‌లో ఒకే చోట రాయండి. కంపెనీలు పాత మోడల్స్‌ను ఆపేస్తూ ఉంటాయి. ఆ రోజు పేరు మార్చి, దాచుకున్న పరీక్ష ఫొటోలన్నీ మళ్లీ నడిపి, జారిపోయే తప్పులు పెరగలేదని చూసుకున్నాకే కొత్తదాన్ని మండీకి ఇవ్వండి.